ఊళ్లో అందరికన్నా పేద కుటుంబాన్ని నిలబెట్టడం ఎలా? రెండేళ్ల పని, అడుగు తర్వాత అడుగు

2025 ఉగాది నాడు ఆంధ్రప్రదేశ్‌లో పేదరికం పోగొట్టడానికి ప్రభుత్వం పెట్టిన పీ4 కార్యక్రమం మొదలైంది. స్తోమత ఉన్నవాళ్లు 'మార్గదర్శులు'గా, అట్టడుగున ఉన్నవాళ్లు 'బంగారు కుటుంబాలు'గా జతకూడుతున్నారు. అప్పటి నుంచి ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది: "ఒక కుటుంబాన్ని తీసుకున్నాం. ఇప్పుడేం చేయాలి? డబ్బు పంపితే చాలా? గేదె కొనిస్తే సరిపోతుందా?" హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ సొంతూరికి ఏదో ఒకటి చేద్దామనుకునేవాళ్లూ, పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల వాళ్లూ, అమెరికాలో తెలుగు సంఘాల వాళ్లూ అడుగుతున్నది ఇదే.

సరిపోదు. తిండికే కరువైన ఇంటికి గేదెను కట్టేసి వచ్చేస్తే, మొదటి జ్వరానికో మొదటి అప్పులవాడికో ఆ గేదె అమ్ముడుపోతుంది. ఈ పనికి ఒక వరస ఉంది. ముందు కడుపు, తర్వాత కాగితాలు, ఆ తర్వాతే జీవనాధారం. వాటన్నిటితో పాటు రెండేళ్లు వారం తప్పకుండా ఆ ఇంటికి ఒక మనిషి వెళ్లాలి. వస్తువు ఇవ్వడం అన్నిటికన్నా తేలిక. కష్టమంతా వారంవారం వెళ్లడంలోనే ఉంది, ఫలితం వచ్చేదీ దానివల్లే.

ఇది నేను కనిపెట్టింది కాదు. అట్టడుగు వాళ్లకు చిన్న అప్పులు కూడా అందడం లేదని గమనించి బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో ఈ పద్ధతి మొదలుపెట్టింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, వాళ్ల తోటి పరిశోధకులు దీన్ని ఇథియోపియా, ఘనా, హోండురాస్, భారత్, పాకిస్తాన్, పెరూల్లో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. మన దేశంలో ఆ పరీక్ష పశ్చిమ బెంగాల్లోని ముర్షిదాబాద్ జిల్లాలో బంధన్ సంస్థ ద్వారా జరిగింది. పదేళ్ల తర్వాత వెళ్లి చూసినా సాయం అందిన ఇళ్ల తిండీ ఆదాయం అందని ఇళ్లకన్నా మెరుగ్గానే ఉన్నాయి. బిహార్ ప్రభుత్వం 2018 నుంచి జీవిక మహిళా సంఘాల ద్వారా ఇదే పని చేయిస్తోంది. సిద్ధాంతం ఇంతే, ఇక పనిలోకి వద్దాం.

కావలసినవి

ఒకే ఊరు, అందులో 5 నుంచి 10 కుటుంబాలు. 3 ఊళ్లలో మూడేసి కుటుంబాలు పెట్టుకుంటే తిరగడానికే ఓపిక అయిపోతుంది.

ఊళ్లోనే ఉండే ఒక మనిషి. అందరికన్నా ముఖ్యం ఈవిడే. గ్రామ సంఘంలో (ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘం) సహాయకురాలిగా పనిచేసే వీఓఏ కావచ్చు, ఇంటర్ దాకా చదివి ఇంటిపట్టున ఉన్న కోడలు కావచ్చు. ఆమె శ్రమకు నెలనెలా గౌరవ వేతనం ఇవ్వండి. ఊరికే చేయించుకుంటే మూడో నెలకు ఆగిపోతుంది, ఆగితే తప్పు ఆమెది కాదు.

ప్రతి కుటుంబానికీ మూడు ముక్కలుగా డబ్బు: జీవనాధారం కొనడానికి ఒకటి, మొదటి సంపాదన చేతికొచ్చేదాకా తిండి ఖర్చుకు ఒకటి, ఆపద ఖర్చుకు ఒకటి. మూడూ సమకూరకుండా మొదలుపెట్టకండి. డబ్బు తక్కువైతే కుటుంబాల సంఖ్య తగ్గించండి, ముక్కలు తగ్గించకండి.

కుటుంబానికో నోటు పుస్తకం. పశువుల ఆసుపత్రి డాక్టరు నంబరు, సంచార పశువైద్య సేవ నంబరు 1962.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందకు రాదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇక్కడి సంస్థకు ఇస్తే అది విదేశీ విరాళమే, ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు ఉండి తీరాలి. పంపే ముందే అడిగి తెలుసుకోండి.

అడుగు 1: నిజంగా అట్టడుగున ఉన్నదెవరో కనుక్కోండి

సర్పంచి చెప్పిన పేర్లు రాసుకుని వచ్చేయకండి. ప్రభుత్వ జాబితా ఉంటే తీసుకోండి, కానీ దాన్ని ఆరంభంగానే చూడండి.

కూలికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక సాయంత్రం పూట వాడలో కూర్చోండి. వచ్చిన ఆడవాళ్లతో నేలమీద ముగ్గుపిండితో ఊరి పటం వేయించండి: వీధులు, బోర్లు, బడి, ప్రతి ఇల్లూ. వెలుగు పథకం రోజుల నుంచి గ్రామ సంఘాల్లో ఉన్న పెద్దక్కలకు ఈ పని మీకన్నా బాగా తెలుసు, వాళ్లనే చేయనివ్వండి. ఇంటికో చీటీ రాసి, చీటీలను నాలుగు కుప్పలు చేయమనండి: ఉన్నవాళ్లు, పర్వాలేదనిపించేవాళ్లు, పేదలు, నిరుపేదలు. మర్నాడు మరో వాడలో వేరే గుంపుతో మళ్లీ చేయించండి. రెండుసార్లూ నిరుపేదల కుప్పలో పడిన ఇళ్లకు మీరే స్వయంగా వెళ్లండి.

ఆ ఇంట్లో "మీ ఆదాయం ఎంత?" అని అడిగితే ఏమీ తెలియదు. ఇలా అడగండి:

"నిన్న రాత్రి ఏం వండావమ్మా? కూర ఏంటి?"
"పనులు లేని రోజుల్లో బియ్యం ఎక్కడ తెచ్చుకున్నారు?"
"పోయినసారి ఒంట్లో బాగాలేకపోతే డబ్బు ఎవరిచ్చారు? నూటికి ఎంత వడ్డీ?"
"పిల్లల్లో పనికెళ్లేది ఎవరు?"

జవాబులతో పాటు బియ్యం డబ్బా, పొయ్యి, పడుకునే చోటు, ఇంటి కప్పు మీ కళ్లతో చూడండి.

ఊరి పటంలో కూడా కనబడని ఇళ్లుంటాయి, వాటికోసం విడిగా వెతకండి. వలస వెళ్లి తాళం పడిన ఇల్లు. కొడుకు రేషన్ కార్డులో పేరుండి, కొడుకు చూడని ముసలమ్మ. భర్త వదిలేసి పుట్టింటి వెనక పాకలో ఉంటున్న ఆడమనిషి. మానసిక జబ్బున్న మనిషి ఉండడంతో ఎవరూ గడప తొక్కని ఇల్లు. చెరువుగట్టు మీదో ఊరి చివరో ఉండే యానాది కుటుంబాలు, గుడారాల్లో ఉండే బుడగ జంగాలు, నల్లమల అంచున చెంచు పెంటలు (గూడేలు). పొదుపు సంఘంలో లేనివాళ్లెవరో అడిగితే సగం జాబితా అక్కడే దొరుకుతుంది. సాధారణంగా సంఘంలో చేరలేనంత పేదలే సంఘం బయట మిగిలిపోతారు.

చివరి జాబితాను గ్రామ సంఘం సమావేశంలో చదివి అభ్యంతరాలు వినండి. పేర్లు మాత్రమే చదవండి. ఎవరింట్లో ఏ కష్టం ఉందో సభలో చెప్పకండి.

సరిచూసుకోండి: మీ జాబితాలో పక్కా ఇల్లు, బండి, రెండెకరాల పొలం ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు కనబడ్డారా? అయితే మొదటి నుంచి మళ్లీ చేయండి. ఆ ఒక్క వారం పోతే పోయింది, తప్పు ఇంటిని ఎంచుకుంటే రెండేళ్లు పోతాయి.

అడుగు 2: జాబితాను రెండుగా విడగొట్టండి

పని చేయగల ఈడూ ఒంట్లో శక్తీ ఉన్న మనిషి ఒక్కరైనా ఉన్న ఇళ్లు ఒక వైపు. ఎవరూ లేనివి మరో వైపు: ఒంటరి వృద్ధులు, మంచానపడ్డవాళ్లు. రెండో రకం ఇళ్లకు మేకలిచ్చి "స్వయం ఉపాధి" అనడం అన్యాయం. వాళ్లకు కావలసింది పింఛను, వేళకు అన్నం, మందులు, పలకరించే మనిషి.

కేరళ ఈ తేడాను బాగా పట్టుకుంది. 2021లో మొదలుపెట్టి రాష్ట్రమంతా 64,006 అతిపేద కుటుంబాలను గుర్తించారు. తిండి, ఆరోగ్యం, ఇల్లు, ఆదాయం, వీటిలో ఎవరికి ఏది లోటో చూసి ఒక్కో ఇంటికీ ఒక్కో ప్రణాళిక రాశారు. 2025 నవంబరు 1న అతిపేదరికం లేని రాష్ట్రంగా ప్రకటించుకున్నారు. ఆ ప్రకటన మీద వాదనలు ఎన్నున్నా, ఇంటింటికీ వేరే కాగితం రాయడమన్న పద్ధతిని మనం తీసుకోవచ్చు. అందరికీ ఒకే 'యూనిట్' పంచడం కన్నా అది ఎంతో మేలు.

ఇక్కడి నుంచి చెప్పేది ముఖ్యంగా మొదటి రకం ఇళ్ల గురించి. 3, 4, 9 అడుగులు మాత్రం ఇద్దరికీ వర్తిస్తాయి.

అడుగు 3: మొదటి రెండు నెలలు కడుపు, కాగితాలు

ఆకలితో ఉన్న మనిషికి శిక్షణ తలకెక్కదు. వారానికి కనీసం 2 రోజుల కూలికి సరిపడా డబ్బు ఆమె ఖాతాలో పడేలా చూడండి. ఆమె ఖాతాలోనే పడాలి, భర్త ఖాతాలో కాదు. ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో ముందే చెప్పండి. "కొన్నాళ్లిస్తాం" అంటే ఆమె ఏ లెక్కా వేసుకోలేదు.

ఈలోగా కాగితాల పని పూర్తిచేయండి. ఆంధ్రలో గ్రామ సచివాలయం, తెలంగాణలో మీసేవ, పంచాయతీ కార్యాలయం, ఎంపీడీవో కార్యాలయం. "వెళ్లి తెచ్చుకోండి" అని చెప్పి ఊరుకోకండి. వెంట వెళ్లండి. ఒక రోజు కూలి పోగొట్టుకుని ఆఫీసుకు వెళ్లి, "సర్వర్ లేదు, రేపు రా" అనిపించుకుని వచ్చిన మనిషి మూడోసారి వెళ్లదు.

ఎక్కువగా చిక్కుపడేవి ఇవి.

ఆధార్‌లో వయసు తప్పు. అరవై దాటిన మనిషికి యాభై రెండని పడి ఉంటే వృద్ధాప్య పింఛను రాదు. ముందు ఆధార్ సరిచేయించాకే దరఖాస్తు పెట్టండి.

భర్త మరణ ధ్రువపత్రం లేకపోవడం. అది లేనిదే వితంతు పింఛను లేదు. చనిపోయి ఏడాది దాటితే ఆర్డీవో స్థాయిలో ఉత్తర్వు కావాలి, కాబట్టి ఈ పని అన్నిటికన్నా ముందు మొదలుపెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారు. ఒక్కోసారి ఈ ఒక్క కాగితమే మీరివ్వగల మేకలన్నిటికన్నా విలువైనది.

రేషన్ కార్డు విడదీయకపోవడం. కోడలు, ఆమె పిల్లల పేర్లు ఇంకా అత్తగారి కార్డులోనే ఉంటాయి.

బ్యాంకు ఖాతా నిద్రపోవడం, ఆధార్‌తో ముడిపడకపోవడం. డబ్బు పడిందని ఫోనులో మెసేజీ ఉంటుంది, చేతికి మాత్రం రాదు. పాస్‌బుక్ ప్రింటు తీయించి చూడండి.

ఉపాధి హామీ కార్డు కూడా ఇప్పుడే తీయించండి. ఏళ్లతరబడి కట్టెలు కొట్టీ గడ్డి కోసీ వేలిముద్రలు అరిగిపోయినవాళ్లకు కంటిపాప గుర్తింపు అడగండి.

అడుగు 4: అప్పుల చిట్టా రాయండి, ఒకేసారి తీర్చకండి

ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఏం తాకట్టు. వారాల ఫైనాన్స్, కిరాణా కొట్టు పద్దు, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు, అన్నీ రాయండి. మొదటిరోజు సగమే చెబుతారు, నమ్మకం కుదిరాక మిగతాది బయటికొస్తుంది. అందుకే నెల తర్వాత మళ్లీ అడగండి.

మీరే మొత్తం కట్టేస్తే ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది, లేని అప్పులు కూడా పుట్టుకొస్తాయి. అన్నిటికన్నా ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని మాత్రం తగ్గించే దారి చూడండి.

ఒక్క సందర్భం వేరు. అడ్వాన్సు తీర్చేదాకా ఇటుక బట్టీలోనో రొయ్యల చెరువు దగ్గరో మనిషిని కదలనివ్వకుండా పని చేయించుకుంటుంటే అది వెట్టి. 1976 చట్టం ప్రకారం ఆ బాకీయే చెల్లదు. అది మీరు డబ్బు కట్టి విడిపించాల్సిన వ్యవహారం కాదు. ఆర్డీవోకో కలెక్టరుకో రాతపూర్వకంగా ఇవ్వండి, ఈ పనిలో అనుభవమున్న సంస్థను వెంట పెట్టుకోండి. ఒంటరిగా వెళ్లి యజమానితో తగువు పెట్టుకుంటే దెబ్బ ఆ కుటుంబానికే తగులుతుంది.

అడుగు 5: జీవనాధారం ఆమెనే ఎంచుకోనివ్వండి, లెక్క మాత్రం కలిసి వేయండి

"ఏం కావాలి?" అంటే చాలామంది "మీరేదిస్తే అదే" అంటారు. అది మర్యాద కొద్దీ అనే మాట, దాన్ని సమ్మతి అనుకోకండి. "చిన్నప్పుడు ఏ పని చేశావు? నీకు చేతనైనదేంటి? రోజులో నీకు ఏ వేళ తీరిక?" అంటూ అక్కడి నుంచి మొదలుపెట్టండి.

మేకలు: భూమి లేనివాళ్లకు మంచివే, కానీ డబ్బు ఆలస్యంగా కళ్లబడుతుంది. మేక 5 నెలలు చూలు మోస్తుంది, పిల్ల అమ్మకానికి రావడానికి ఇంకో 6, 7 నెలలు. అంటే మొదటి రాబడికి దాదాపు ఏడాది. అందుకే పక్కన పది పెరటి కోళ్లు కూడా పెట్టండి, గుడ్ల మీద వారం ఖర్చు కొంత గడుస్తుంది. మేపు నేల ఎంత ఉందో, పొలాల్లో దిగితే తగువులొస్తాయో లేదో ముందే చూడండి.

పాడి గేదె: అందరూ ముందు అనుకునేది ఇదే. భూమి లేని ఇంటికి నేను దీన్ని సిఫారసు చేయను. పచ్చిమేత కొనాలి. ఏడాదిలో కొన్ని నెలలు పాలివ్వదు, మేత మాత్రం తింటూనే ఉంటుంది. ఒక్క గేదెతో ఆ వట్టిపోయిన నెలలు దాటడం నిరుపేద ఇంటికి చాలా కష్టం. గట్టు మీద గడ్డి ఉండి, పాలకేంద్రం నడిచి వెళ్లే దూరంలో ఉంటేనే ఆలోచించండి.

చిన్న వ్యాపారం: ఎండు చేపలు, కూరగాయలు, గాజులు, పొద్దుటి టిఫిన్. మొదటి వారం నుంచే డబ్బు తిరుగుతుంది. మాట నేర్పు, కాస్త లెక్క తెలిసినవాళ్లకు ఇదే మేలు. అరువు ఎంత దాకా ఇవ్వాలో ముందే గీత గీసుకోవాలి. చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ అరువిచ్చే మూతపడిన కొట్లు ఊరూరా ఉన్నాయి.

కుట్టుమిషన్: దాతలకు ఇష్టమైన వస్తువు ఇది. ఊళ్లో ఇప్పటికే నలుగురు కుడుతుంటే ఐదో మిషన్ మూలన పడుతుంది. ఇచ్చే ముందు ఆ ఊళ్లో నెలకు ఎన్ని జాకెట్లు బయటి ఊరికి కుట్టుకు వెళుతున్నాయో కనుక్కోండి.

ఇక్కడ మన తెలుగు నేల మీద జరిగిన ఒక సంగతి తప్పక తెలియాలి. మెదక్ జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థ ఇదే పద్ధతి అమలు చేసింది. 2015లో వచ్చిన అధ్యయనం చూస్తే, సాయం అందిన ఇళ్లకు పశువుల మీద రాబడి వచ్చింది గానీ మొత్తం ఆదాయం పెరగలేదు. పశువుల కోసం వాళ్లు కూలి మానుకున్నారు. ఆ రోజుల్లో అక్కడ కూలి రేట్లు బాగానే పెరుగుతున్నాయి. ఇటు వచ్చింది అటు పోయింది. కాబట్టి నోటు పుస్తకంలో రెండు గీతలు గీయండి. ఒకవైపు ఈ పని వల్ల వచ్చేది, మరోవైపు దీనికోసం వదులుకునే కూలి. రెండూ దాదాపు సమానంగా ఉంటే వేరే పని ఎంచుకోండి. ఇంట్లో ఉండే అత్తగారు మేకలను చూసుకుంటూ కోడలు కూలికి వెళ్లగలిగితే లెక్క మారిపోతుంది.

ఎంత ఇవ్వాలన్నదీ ముఖ్యమే. బంగ్లాదేశ్ అనుభవం మీద జరిగిన మరో పరిశోధనలో, చేతికొచ్చిన ఆస్తి ఒక హద్దు దాటినవాళ్లు ఏటేటా ఎదిగారు, ఆ హద్దుకు కింద ఉండిపోయినవాళ్లు మళ్లీ పాత స్థితికి జారారు. పది ఇళ్లకు ఒక్కో మేక ఇస్తే పది ఫొటోలు వస్తాయి, ఒక్క ఇల్లూ లేవదు. రెండు ఇళ్లకు ఐదేసి ఇవ్వండి.

అడుగు 6: కొనడం

సంతకు ఆమెను తీసుకెళ్లండి. తన చేత్తో పట్టి చూసి కొన్న మేకను ఆమె చూసుకునే తీరే వేరు. ఒకే వ్యాపారి దగ్గర అందరికీ ఒకేసారి కొనకండి. రేటు పెంచుతాడు, మందలోని రోగిష్టివన్నీ మీకు అంటగడతాడు.

మేకలో చూడాల్సినవి: రెండు పళ్లో నాలుగు పళ్లో వేసి ఉండాలి, అంటే వయసు ఏడాది నుంచి రెండేళ్ల మధ్య. పొదుగులో గడ్డలు ఉండకూడదు. తోక కింద పారుడు మరకలు, ముక్కు కారడం, కుంటు ఉంటే వదిలేయండి. మీ వాతావరణంలో పెరిగిన పశువే కావాలి, దూర జిల్లా నుంచి లారీలో తెచ్చింది మొదటి వానకే పడిపోవచ్చు.

తెచ్చాక రెండు మూడు వారాలు ఊరి మందలో కలపకండి. నట్టల (కడుపులో పురుగుల) మందు తాగించండి. పారుడు రోగానికి, వానలకు ముందే చిటుక రోగానికి టీకాలు వేయించండి. కోళ్లకు కొక్కెర తెగులు టీకా మరవకండి, ఒక్క వారంలో గూడు ఖాళీ చేసే రోగం అది.

బీమా చేయిస్తే చెవికి పోగు వేస్తారు. ఆ పోగు ఊడిపోతే పరిహారం రాదు. పశువు చనిపోతే పూడ్చే ముందే డాక్టరుకు చెప్పాలి, పోస్టుమార్టం కాగితం తీసుకోవాలి, పోగు దాచాలి. ఈ మూడు మాటలూ ఆమె చేత తిరిగి చెప్పించుకోండి.

రసీదు ఆమె పేరు మీదే. ఫొటో తీసి గ్రూపులో పెట్టకండి. దానం పుచ్చుకున్న మొహంతో ఆమె ఊళ్లో రెండేళ్లు తిరగాల్సిన అవసరం లేదు.

అడుగు 7: వారం వారం వెళ్లడం

ఒకే రోజు, ఒకే వేళ, అరగంట. వెళ్లే మనిషి చేయాల్సినవి ఇవీ.

పశువునో సరుకునో కళ్లతో చూడడం. "బాగున్నాయా?" అంటే "బాగున్నాయి" అనే చెబుతారు. లెక్కపెట్టండి.

ఈ వారం వచ్చిందెంత, పోయిందెంత? రాయడం రాకపోతే గింజలతోనో గీతలతోనో గుర్తు పెట్టించండి. కొన్ని వారాలకు ఆమె తనే చెబుతుంది, "వదినా, పోయిన వారం కన్నా ఈ వారం తగ్గింది" అని. ఆ మాట వచ్చిందంటే పని పట్టాలెక్కినట్టే.

పిల్లలు బడికెళ్లారా? బడి దగ్గర కూడా నెలకోసారి అడగండి.

ఒంట్లో ఎలా ఉంది? బాలింతలు, చంటిపిల్లలు ఉంటే అంగన్‌వాడీ గుడ్లు, పాలు అందుతున్నాయా?

ఒక్క కొత్త విషయం చెప్పడం, ఒక్కటే. ఈ వారం నట్టల మందు, వచ్చే వారం బ్యాంకులో డబ్బు తీయడం.

ఎక్కువగా జరిగే తప్పు, వెళ్లే మనిషి తనిఖీ అధికారిలా మారిపోవడం. "ఎందుకమ్మావు? ఎందుకు కట్టలేదు?" అని గద్దిస్తే మరుసటి వారం నుంచి నిజం చెప్పరు. మేక అమ్మేసినట్టు తెలిస్తే ముందు "ఏమొచ్చింది కష్టం?" అని అడగాలి. చాలాసార్లు ఆ అమ్మకం వెనక ఆసుపత్రి ఉంటుంది.

భర్త తాగుతుంటే దాన్ని పక్కనపెట్టి పని చేయలేం. ఆయన్ను వెలివేసినట్టు చేస్తే ఆ కోపం ఇంట్లో ఆమె మీద పడుతుంది. మేకల దొడ్డి కట్టడం, సంతకు తోలుకెళ్లడం లాంటి పని ఆయనకు అప్పజెప్పండి. డబ్బు, ఖాతా, రసీదు మాత్రం ఆమె దగ్గరే ఉండాలి. కొడుతుంటే అది మీ నోటు పుస్తకంలో రాసుకుని ఊరుకునే విషయం కాదు. గ్రామ సంఘం పెద్దల ద్వారా, అవసరమైతే మహిళల సహాయ నంబరు 181 ద్వారా కదలండి.

అడుగు 8: పొదుపు, సంఘం

మొదటి వారం నుంచే పొదుపు మొదలవ్వాలి, 20 రూపాయలైనా సరే, ఆమె పేరు మీద.

సంఘంలో చేర్చడానికి మిగతావాళ్లు ఒప్పుకోకపోవచ్చు. "ఆమె కట్టకపోతే ఆ భారం మా మీద పడుతుంది" అన్నది వాళ్ల భయం, అందులో న్యాయం ఉంది. అందుకే నాలుగైదు నెలల పొదుపు చూపించి గ్రామ సంఘం ద్వారా అడగండి. లేదంటే మీ పది మంది ఆడవాళ్లతోనే కొత్త సంఘం పెట్టించండి.

మొదటి ఏడాది అప్పు వద్దు, ఎవరు ఇస్తామన్నా సరే. సొంత రాబడి రెండుమూడుసార్లు కళ్లజూశాకే మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి అయినా, సంఘం ద్వారా బ్యాంకు ఇచ్చే లింకేజీ అప్పు అయినా.

అడుగు 9: దెబ్బ తగిలినప్పుడు

రెండేళ్లలో ఏదో ఒక దెబ్బ తగిలే తీరుతుంది. ముందుగానే సిద్ధం చేయండి. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా, రెండూ ఆమె బ్యాంకు ఖాతా నుంచే పోతాయి. మొదటిది 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు, రెండోదానిలో 50 ఏళ్ల లోపు చేరాలి. మే నెలాఖరుకు ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూడండి, లేకపోతే బీమా ఆగిపోతుంది. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఏ ఆసుపత్రుల్లో పనిచేస్తాయో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. అర్ధరాత్రి నొప్పి వస్తే వెతుక్కునే తీరిక ఉండదు.

మొదట్లో పక్కనపెట్టిన ఆపద డబ్బు వాడాల్సింది ఇప్పుడే. జబ్బు కోసం మేక అమ్మబోతుంటే ఆ ఖర్చు మీరు భరించండి.

అడుగు 10: నిలబడ్డారా లేదా?

6వ నెల, 12వ నెల, 24వ నెల చూడండి. వారం వారం వెళ్లే మనిషితో కాకుండా వేరేవాళ్లతో చూపించండి. తన పనికి తనే మార్కులు వేసుకోవడం ఎవరికైనా కష్టమే.

ఏడాది పొడవునా, పనులు దొరకని నెలల్లో కూడా, ఇంటిల్లిపాదీ రెండు పూటలా తిన్నారా?

రాబడికి కనీసం రెండు దారులున్నాయా? కూలి ఒకటి, మేకలో వ్యాపారమో మరొకటి.

ఆస్తి మీరిచ్చిన రోజుకన్నా తగ్గలేదు కదా? ఐదు మేకలిస్తే ఇప్పుడు ఐదుకు తక్కువ ఉండకూడదు. అమ్మి ఉంటే ఆ డబ్బు ఎటు పోయిందో కనబడాలి.

రావాల్సిన పింఛను, రేషన్ ఎవరి తోడూ లేకుండా తెచ్చుకుంటున్నారా?

పాస్‌బుక్‌లో పొదుపు ఉందా? కొత్తగా ఎక్కువ వడ్డీ అప్పు లేదు కదా?

బడి ఈడు పిల్లలు బడిలో ఉన్నారా?

అన్నిటికన్నా గట్టి పరీక్ష ఒకటుంది: ఈ రెండేళ్లలో వచ్చిన కష్టాన్ని ఆస్తి అమ్ముకోకుండా దాటారా?

ఇంకో పని కూడా చేయండి. మీరు సాయం చేయని పేద ఇళ్లు రెండు మూడింటి సంగతి కూడా మొదటిరోజే రాసి పెట్టుకోండి, ఇప్పుడు మళ్లీ చూడండి. వాళ్లూ అంతే పైకొచ్చి ఉంటే మీ ఊళ్లో కూలి రేట్లే పెరిగాయన్నమాట, మీ మేకల గొప్పేమీ లేదు. అలా తేలితే దాచకుండా మీ గ్రూపులో చెప్పండి, వచ్చే విడతకు పద్ధతి మార్చుకోవచ్చు.

ఏడింట్లో ఐదు నెరవేరితే రాకపోకలు నెలకోసారికి తగ్గించండి, ఆరు నెలల తర్వాత ఆపేయండి. నెరవేరకపోతే మొత్తం మళ్లీ మొదలుపెట్టకండి. ఏది లోపించిందో అదొక్కటే పట్టుకుని ఇంకో ఆరు నెలలు సాగించండి. పశువు చనిపోయి ఉంటే ఇంకోసారి ఇవ్వడానికి వెనకాడకండి. ఆగిపోయే తేదీని కనీసం మూడు నెలల ముందు ఆమెకు చెప్పండి. నోటు పుస్తకం ఆమెకే ఇచ్చేయండి, ఒక నకలు గ్రామ సంఘం దగ్గర ఉంచండి.

ఏడాది తర్వాత ఒకసారి, చెప్పకుండా, పనులు లేని నెలలో వెళ్లండి. ఆ ఇంటి దొడ్డీ పాస్‌బుక్కూ చూసి, పిల్లలు ఎక్కడున్నారో అడిగి, వచ్చిన జవాబులను కొత్త కుటుంబాల జాబితా వేసే ముందు మీ గ్రూపులో అందరికీ చదివి వినిపించండి.